మేనమామకి పంపిన బొమ్మ

చెల్లెలి ఇంటికి వియన్నా వెళ్తున్నానంటే మా అమ్మ నా సూట్‌కేసులో నాకు మిగిల్చింది రెండు జతల బట్టలకి సరిపడా చోటు. మిగతాదంతా గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, ఇంకా మనవరాలికి కుట్టించిన పట్టు పరికిణీ. పిల్లని చూసి రెండేళ్ళు దాటింది కదా, కొలత ఎలా ఇచ్చావని అడిగాను. "సంక్రాంతికి పంపిన ఫొటోలో తలుపు పక్కన నిలబడిందిగా. తల తలుపు పిడి దగ్గరకొచ్చింది. దాన్నిబట్టి చెప్పా టైలరుకి" అంది. ఆ ఊళ్ళో తలుపు పిడి ఎంత ఎత్తున ఉంటుందో ఆవిడకెలా తెలుసో నేను అడగలేదు.

మార్చి 9, ఆదివారం: ఓటాక్రింగ్

మా చెల్లెలి వాళ్ళుండేది ఓటాక్రింగ్ అనే పేటలో, నాలుగో అంతస్తు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ "గ్రూస్ గాట్" అంటారు. "దేవుడు నిన్ను పలకరించుగాక" లాంటి అర్థమట. నేను అలవాటు కొద్దీ తల ఊపాను. "అన్నయ్యా, నోటితో అను, లేకపోతే పొగరనుకుంటారు" అని చెల్లెలు గుసగుసలాడింది. లిఫ్టులో అయినా, మందుల షాపులో అయినా, లోపలికి అడుగుపెట్టగానే అనాలి. వచ్చేటప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి రావాలి. అయిదు రోజుల్లో నేర్చుకున్న జర్మన్‌లో సగం ఇదే.

పెరుగు తెద్దామని సంచీ పట్టుకుని బయల్దేరాను. వీధి వీధంతా షట్టర్లు. ఆదివారం అక్కడ దుకాణాలు తెరవరు. మా బావ నవ్వి, "శనివారం సాయంత్రమే ఇక్కడ మనకి సంక్రాంతి ముందురోజు బజారు" అన్నాడు. పెరుగు లేకుండానే గోంగూర కలుపుకున్నాం. కుళాయి నీళ్ళు మాత్రం భలే ఉన్నాయి. ఆల్ప్స్ కొండల్లోని ఊటల నుంచి గొట్టాల్లో వస్తాయట, 1873 నుంచీ. ఫిల్టర్ అన్న మాటే వినపడలేదు ఆ ఇంట్లో.

మేనకోడలు చిన్నికి అయిదేళ్ళు. కిండర్‌గార్టెన్‌లో జర్మన్, ఇంట్లో తెలుగు. వీడియో కాల్‌లో గలగలా మాట్లాడే పిల్ల, నన్ను ఎదురుగా చూసేసరికి సోఫా వెనక్కి వెళ్ళి దాక్కుంది. సున్నుండ చూపిస్తే వచ్చింది. సాయంత్రం పక్కింటి పిల్ల వస్తే నా వైపు వేలు చూపించి "మైన్ ఓంకెల్" అని పరిచయం చేసింది. బాబాయైనా, పెదనాన్నైనా, మేనమామైనా వాళ్ళకి ఒకటే మాట, ఓంకెల్. "అదేంటే, మామయ్య అని చెప్పు" అంటే, "వాళ్ళకి మామయ్య ఉండడు" అంది.

మార్చి 10, సోమవారం: మూసిన తలుపు

నేను వియన్నాలో చూడాలనుకున్నది ఒక్కటే. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ గీసిన చిన్నపిల్ల బొమ్మ, నీలం గౌనుది. కాలేజీ రోజుల్లో పాత పుస్తకాల షాపులో కొన్న క్యాలెండర్‌లో మార్చి నెలకి ఆ బొమ్మ ఉండేది. నెల అయిపోయినా పేజీ తిప్పలేదు.

చిన్నిని కిండర్‌గార్టెన్ ఎగ్గొట్టించి 2వ నంబరు ట్రామ్ ఎక్కాం. టికెట్‌కి అప్పట్లో 2.40 యూరోలు పడింది. అప్పుడు యూరో అంటే తొంభై అయిదు రూపాయలనుకోండి. కొంటే సరిపోదు, దాన్ని చిన్న మెషీన్‌లో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. ఎదురు సీట్లో ఒక ముసలావిడ చిన్ని వైపు చూసి, నా వైపు చూసి, "మ్యూత్సె! మ్యూత్సె!" అని గద్దించింది. పాప టోపీ జేబులో ఉంది. గబగబా పెట్టాను. ఆవిడ దిగేదాకా నన్ను కోపంగానే చూసింది. తర్వాత చెల్లెలికి చెప్తే, "నాకు వారానికొకసారి పడతాయి అక్షింతలు" అంది. మన వీధి అరుగుల మీద ఉండే మామ్మలు ఇక్కడ ట్రాముల్లో ఉంటారన్నమాట.

మ్యూజియం పేరు నాకు నోరు తిరగదు, కున్స్ట్‌హిస్టోరిషెస్. 1891లో తెరిచారు. ఎదురుగా అచ్చం దానిలాంటిదే ఇంకో భవనం, మధ్యలో మరియా తెరేసా రాణి విగ్రహం. మెట్లెక్కి చూస్తే పెద్ద తలుపు మూసి ఉంది. సోమవారం సెలవు. ఇంటర్నెట్‌లో ఒక్క నిమిషం చూసుకుంటే తెలిసేది. విమానం టికెట్లు నెలల ముందు కొన్నవాణ్ణి, ఇది మాత్రం చూసుకోలేదు.

చిన్నికి మాత్రం పండగే. ఎదురు భవనం తెరిచే ఉంది. "అది డైనోసార్ ఇల్లు మామయ్యా, మా టాంటె తీసుకెళ్ళింది" అని చెయ్యి పట్టుకు లాక్కుపోయింది. టాంటె అంటే వాళ్ళ బడి ఆయమ్మ. అక్కడ డైనోసార్ల కంటే నన్ను ఆపింది రాతియుగంలో చెక్కిన 11 సెంటీమీటర్ల ఆడమనిషి రాతిబొమ్మ, విల్లెన్‌డార్ఫ్ వీనస్. 1908లో విల్లెన్‌డార్ఫ్ అనే ఊరి దగ్గర తవ్వకాల్లో దొరికింది. అరచేతిలో పట్టేంత బొమ్మకి ఒక చీకటి గది మొత్తం ఇచ్చారు. చిన్ని చూసి, "తలకాయంతా జడే" అని తేల్చేసి డైనోసార్ దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత కాఫీ హోటల్. మెలాంజ్ అని పాలనురగ కాఫీ, వెండి పళ్ళెంలో, పక్కన గ్లాసుడు నీళ్ళు, గ్లాసు మీద బోర్లించిన చెంచా. నాకు కాఫీ, పాపకి యాపిల్ స్ట్రూడల్, రెండూ కలిపి 11 యూరోలు. వెయ్యి రూపాయలకి తిన్న స్ట్రూడల్ రుచి నాలిక మీద ఎంతసేపుండాలో అంతసేపూ ఉంది. వెయిటరు తొందర పెట్టడు. బిల్లు మనం అడిగేదాకా తేడు. గంటన్నర కూర్చున్నా ఏమీ అనలేదు, నవ్వనూ లేదు.

మార్చి 11, మంగళవారం: నీలం గౌను

పాపకి టికెట్ లేదు, 19 ఏళ్ళ లోపు అందరికీ ఉచితం. నాకు రెండు వేల రూపాయల పైనే వదిలింది. పాలరాతి మెట్ల మధ్యలో కనోవా చెక్కిన వీరుడు సగం గుర్రం సగం మనిషిని కర్ర ఎత్తి కొడుతున్నాడు. చిన్ని కాసేపు గుర్రం తరఫున బాధపడింది. అక్కణ్ణుంచి రెండు హాళ్ళు దాటితే, గోడమీద ఆ పిల్ల. ఒకటి కాదు, మూడు బొమ్మలు.

ఆ పిల్ల మార్గరీటా తెరేసా, స్పెయిన్ రాజు నాలుగో ఫెలిపె కూతురు. 1651 జులైలో మాడ్రిడ్‌లో పుట్టింది. మొదటి బొమ్మలో రెండు మూడేళ్ళ పాప, గులాబీ రంగు మీద వెండి జరీ గౌను. రెండోదాంట్లో అయిదేళ్ళు, తెల్లగౌను. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న 'లాస్ మెనినాస్' అనే వెలాస్కెజ్ బొమ్మలో మధ్యన నిలబడే పాప ఈమే, రెండూ 1656లోవే. మూడోది 1659, ఎనిమిదేళ్ళు, నా క్యాలెండర్ బొమ్మ. మరుసటి ఏడు ఆగస్టులో వెలాస్కెజ్ పోయాడు.

గులాబీ గౌను పాప ముందు నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. పక్కన బల్ల, బల్ల మీద గాజు కూజాలో పూలు, పాప చెయ్యి బల్ల అంచు మీద. మా ఊరి స్టూడియోలో మా చెల్లెలికి తీయించిన ఫొటో అచ్చం ఇదే. స్టూలు, స్టూలు మీద ప్లాస్టిక్ పూలు, పూలజడ కనపడాలని వెనకాల అద్దం, "కదలకమ్మా" అంటూ ఫొటోగ్రాఫరు. అందులో చెల్లెలి ముఖంలో ఉన్న విసుగు ఇక్కడ మార్గరీటా ముఖంలో కూడా కొంచెం ఉంది. రాజుగారి కూతురు కాబట్టి దాచుకోవడం నేర్పినట్టున్నారు.

నీలం గౌను బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డానో లెక్కలేదు. క్యాలెండర్‌లో చూసినప్పుడు ఆ వెండి అల్లికంతా పోగుపోగూ కూర్చుని గీశాడనుకున్నాను. దగ్గరకెళ్తే అక్కడ అల్లిక లేదు. బూడిద రంగు మీద తెల్లటి మచ్చలు, కుంచెతో అలా విదిలించి వదిలేసిన గీతలు, పొద్దున వేసిన ముగ్గుని కోడి కెలికినట్టు. మూడడుగులు వెనక్కి వేస్తే అవే మళ్ళీ జరీ అయిపోతాయి, పట్టు మీద కిటికీ వెలుగు పడ్డట్టు మెరుస్తాయి. ముందుకి, వెనక్కి, ముందుకి అలా నడుస్తుంటే చిన్నికి అది ఆటనిపించింది. తనూ మొదలుపెట్టింది. మూడోసారి ముందుకెళ్ళినప్పుడు ఎక్కడో 'కుయ్' మంది. గార్డు లేచి వచ్చి, పాపతో కాదు, నాతో, చాలా మర్యాదగా, నేల మీద గీత చూపించాడు.

"మామయ్యా, ఈ అక్క చేతులు ఎందుకు ఇట్లా పెట్టింది?" అంది చిన్ని, రెండు చేతులూ పక్కలకి చాపి. గౌను వల్ల. ఆ రోజుల్లో స్పెయిన్ రాజకుటుంబపు ఆడవాళ్ళు లోపల కమ్మీల చట్రం కట్టుకునేవాళ్ళు, దాని మీద గౌను. నడుముకి రెండు పక్కలా బల్లలా పరుచుకుంటుంది. చేతులు కిందకి వదలడానికి చోటుండదు, ఆ బల్ల మీద ఆనించాల్సిందే. ఒక చేతిలో గోధుమరంగు బొచ్చు తొడుగు ఉంది, చలికి చేతులు దూర్చుకునేది. "మరి బాత్రూమ్‌కి ఎట్లా వెళ్తుంది?" అంది. నేను చదివిన దేంట్లోనూ ఆ సంగతి లేదు.

మాడ్రిడ్ పిల్ల బొమ్మలు వియన్నాలో ఎందుకున్నాయన్నది అసలు కథ. ఇవి పెళ్ళిచూపుల ఫొటోలు. మార్గరీటాని చిన్నప్పుడే వియన్నా రాజవంశంలో లియోపోల్డ్‌కి ఇవ్వాలనుకున్నారు. పిల్ల ఎలా పెరుగుతోందో చూసుకోమని కొన్నేళ్ళకొక బొమ్మ ఇక్కడికి పంపారు. లియోపోల్డ్ 1658లో చక్రవర్తి అయ్యాడు. ఆయన ఎవరంటే, మార్గరీటా తల్లి మరియానాకి సొంత తమ్ముడు. మేనమామ.

అక్కడ ఒక టూర్ గైడు ఇంగ్లీషులో ఈ సంగతి చెప్తుంటే గుంపులో వాళ్ళు "అయ్యో" అన్నట్టు మొహాలు పెట్టారు. నాకు ఆ 'అయ్యో' రాలేదు. మా అమ్మమ్మని తాతయ్యకిచ్చారు, సొంత మేనమామ. చచ్చేదాకా ఆయన్ని "మామయ్యా" అనే పిలిచింది, మా అమ్మ పెళ్ళిలో పీటల మీద కూర్చుని కూడా. మార్గరీటా కూడా పెళ్ళయ్యాక లియోపోల్డ్‌ని అలాగే మామయ్య అని, అంటే ఓంకెల్ అని పిలిచేదట. ఆయన ఆమెని గ్రెట్ల్ అనేవాడు. ఇది నేను ముందే చదివాను. కానీ ఓంకెల్ అన్న మాట రెండు రోజుల కింద చిన్ని నోట విని ఉన్నాను కదా, ఆ బొమ్మ ముందు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల నన్ను పిలిచేదీ అదే మాట. చెయ్యి వదిలించుకుని వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకునే కథ ఎందుకో అక్కడ మింగుడు పడలేదు.

పైగా వాళ్ళది ఒక్క తరంతో పోలేదు. మార్గరీటా తల్లిదండ్రులదీ మేనరికమే. ఫెలిపె తన చెల్లెలి కూతురినే చేసుకున్నాడు. మరియానాని మొదట ఆయన కొడుకుకి అనుకున్నారు, ఆ కుర్రాడు 1646లో పోతే తండ్రి చేసుకున్నాడు. రాజ్యం ఇంట్లోంచి బయటికి పోకూడదు, అంతే. మన దగ్గర రెండెకరాల మాగాణి కోసం చేసిన పనే, వాళ్ళు ఖండాల కోసం చేశారు.

అదే గదిలో మార్గరీటా తమ్ముడు ఫెలిపె ప్రోస్పెరో బొమ్మ ఉంది, అదీ 1659దే. రెండేళ్ళ మగపిల్లాడు, గౌను మీద తెల్లటి ఏప్రన్. ఎర్ర కుర్చీలో బుల్లి తెల్లకుక్క గడ్డం ఆనించి చూస్తోంది. చిన్నికి ఈ బొమ్మ తెగ నచ్చింది, కుక్క వల్ల. నాకు ఆ పిల్లాడి నడుము మీద నుంచి చూపు తిప్పుకోవడం కష్టమైంది. దారాలకి గంట, తాయెత్తులు వేలాడుతున్నాయి. దిష్టి తగలకుండా, జబ్బు రాకుండా. మొలతాడుకి పులిగోరు, చేతికి నల్లపూసలు, అరికాల్లో కాటుకచుక్క, మనం ఏం చేస్తామో అదే, స్పెయిన్ రాజమహల్లో. అన్ని కట్టినా నాలుగేళ్ళు నిండకుండానే, 1661 నవంబర్‌లో పోయాడు. ఆ పిల్లాడి ముఖం కంటే ఏప్రన్ తెలుపే కొంచెం ఆరోగ్యంగా ఉంది.

మార్చి 12, బుధవారం: నేలమాళిగ, తప్పు ట్రామ్

ఇవాళ ఒక్కణ్ణే. కపూచిన్ సన్యాసుల చర్చి కింద హాబ్స్‌బుర్గ్ రాజుల, అంటే ఆ వియన్నా రాజవంశపు సమాధి గది, టికెట్‌కి 9 యూరోల దాకా పడింది. నూట నలభై మందికి పైగా అక్కడే ఉన్నారు. మరియా తెరేసా దంపతుల పేటిక ఒక పెద్ద మంచమంత ఉంది, దాని మీద ఇద్దరూ నిద్రలేచి ఒకరినొకరు చూసుకుంటున్నట్టు విగ్రహాలు. జనమంతా దాని చుట్టూ, ఫోన్లు పైకెత్తి. నాకు కావలసిన మార్గరీటా పేటిక దొరకడానికి పావుగంట పట్టింది. చుట్టూ చిన్న చిన్న పేటికలు, మూరెడు, రెండు మూరలు. పిల్లలవి.

మార్గరీటా 1666 ఏప్రిల్‌లో మాడ్రిడ్ నుంచి బయల్దేరింది. పెళ్ళికొడుకు లేకుండానే అక్కడ పెళ్ళి తంతు అయిపోయింది. సముద్రం మీద ఇటలీకి, అక్కణ్ణుంచి కొండలు దాటి, వియన్నా చేరేసరికి డిసెంబర్. అప్పుడామెకి 15, ఆయనకి 26. రాజభవనం ఆవరణలో గుర్రాల చేత నాట్యం చేయించారు, ఆమె 17వ పుట్టినరోజు పేరుతో భారీ ఒపెరా వేయించారు. ఆరేళ్ళలో నలుగురు పిల్లల్ని కంది, ఒక్క కూతురే బతికింది. 21 ఏళ్ళకి పోయింది. ఏడు నెలలకి ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పోయిన తేదీ చదివి ఫోన్‌లో తేదీ చూసుకున్నాను. మార్చి 12, 1673. నేను కావాలని ఆ రోజు పెట్టుకోలేదు, పెరుగు అయిపోయి ఇంటికి తొందరగా రమ్మన్నారని పొద్దున్నే వెళ్ళానంతే.

బయటికొస్తే ఎండ. వీధి బండి దగ్గర చీజ్ కూరిన సాసేజ్, ఆవాల ముద్ద, ఒక బ్రెడ్డు ముక్క తిన్నాను. పక్కన కోటు, టై కట్టిన పెద్దమనిషి, ఇటు సిమెంటు బూట్ల కూలీ, ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి తింటున్నారు. పళ్ళు దించగానే లోపల కరిగిన చీజ్ చొక్కా మీదకి చిమ్మింది. కూలీ మాట్లాడకుండా రెండు కాగితాలు నా వైపు జరిపాడు.

ఆ హడావుడిలో 2వ నంబరు ట్రామ్ ఎదురు దిక్కుది ఎక్కాను. కాలువ దాటుతుంటే అర్థమైంది. తాబోర్‌స్ట్రాసె అన్న చోట దిగాను. ఆ పేట పేరు లియోపోల్డ్‌స్టాట్. మళ్ళీ ఆయనే. ఫోన్ తీసి చదివితే సంగతి తెలిసింది. ఇది అప్పట్లో యూదుల పేట. 1670లో లియోపోల్డ్ వాళ్ళందర్నీ వెళ్ళగొట్టాడు, పేటకి తన పేరు పెట్టారు. వాళ్ళ ప్రార్థనా మందిరం ఉన్న చోటే చర్చి కట్టించాడు. బిడ్డలు పోవడానికి యూదులే కారణమని నమ్మిన మార్గరీటా ప్రోద్బలం కూడా అందులో ఉందని చరిత్రకారులు రాస్తారు. ఆ చర్చి రెండు వీధుల అవతలే ఉంది, వెళ్ళి చూశాను. గేటు ముందు పిల్లలు సైకిళ్ళు నేర్చుకుంటున్నారు. పేవ్‌మెంట్ మీద అక్కడక్కడా ఇత్తడి రేకులు, పేర్లతో. అవి తర్వాత మళ్ళీ ఈ పేటకి వచ్చి చేరి, నాజీల కాలంలో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళబడ్డ యూదులవి. నిన్న గోడ మీద చూసిన అయిదేళ్ళ తెల్లగౌను పిల్లని ఈ వీధిలోకి తెచ్చుకోలేకపోయాను. పందొమ్మిదేళ్ళ రాణి వేరే ఎవరో అనిపించింది. కానీ ఎవరో కాదు.

ఇంటికి చేరేసరికి రెండున్నర. పెరుగు మర్చిపోయాను.

మార్చి 13, గురువారం: పరికిణీ

పొద్దున్న అమ్మ వాట్సాప్‌లో మూడోసారి అడిగింది, "పరికిణీ వేశారా?" చెల్లెలు పాపకి తల దువ్వి, బొట్టు పెట్టి, కట్టింది. పచ్చ పరికిణీ, ఎర్ర జాకెట్టు. చిన్ని హాల్లోకొచ్చి పరికిణీ కుచ్చిళ్ళు రెండు పక్కలా చేతులతో పైకెత్తి పట్టుకుని, బిర్రబిగుసుకుని నిలబడింది. "తియ్యి మామయ్యా, నేను ఆ అక్కని" అంది. నవ్వమంటే నవ్వదు. ఆ అక్క నవ్వలేదట. అదే తలుపు పక్కన నిలబెట్టి తీశాను.

ఫొటో పంపిన నిమిషంలో అమ్మ ఫోన్. చిన్ని బాగుందని గానీ, రంగు నప్పిందని గానీ ఏమీ అనలేదు.

"నాలుగు వేళ్ళు పొట్టయిందేరా? తలుపు పిడి దాటిపోయింది పిల్ల."